నలభయ్యో తుపాకి

మా అక్క దేన్నీ పారేయదు, దేన్నీ కనపడే చోట పెట్టదు. పోయిన వేసవిలో జగ్గయ్యపేట నుంచి ఫోను చేసి, "అమ్మ కుట్టుమిషను తుప్పు పట్టిపోతంది, ఎవరికన్నా ఇచ్చేద్దామనుకుంటున్నా. ఒకసారి వచ్చి చూసుకుని పోవే, తర్వాత నన్ను అనమాక" అంది. నందిగామ నుంచి బస్సులో నిలబడి వెళ్ళేసరికి నడుం విరిగింది. తీరా చూస్తే మిషను మీద రెండు పచ్చడి జాడీలు, ఒక పాత మిక్సీ, దాని మీద పిల్లల పుస్తకాలు. అవన్నీ దించి సొరుగు లాగితే రాలేదు. చిరాకెత్తి గట్టిగా గుంజాను. మొత్తం ఊడొచ్చి నా ఒళ్ళో పడింది. బొత్తాలు, సుద్దముక్కలు, బాబిన్లు, మొద్దుబారిన కత్తెర, వాటి మధ్య చూపుడువేలంత ఇత్తడి సీసా. "అమ్మ నూనె సీసా" అంది అక్క, మిక్సీ తుడుచుకుంటూ. ఏం చెప్పను? ఆ సీసా మా ఇంటికొచ్చేనాటికే అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది, తనకి తెలీదు. అమ్మ చేతికి రాకముందు ఆ సీసా ఒక తుపాకి మడమలో, భుజానికి ఆనించే కర్ర చివర, ఉండేది. ఆ తుపాకి నా కోసం తయారైంది, నా వల్లే పోయింది.

మా నాన్న దానియేలు సైన్యంలో పదిహేడేళ్ళు ఆర్మరర్‌గా చేశాడు. అంటే యుద్ధానికి వెళ్ళేవాళ్ళ తుపాకులు బాగుచేసే పని. పెనుగంచిప్రోలులో మిరపకోతలకి వెళ్ళే ఇంట్లో పుట్టినవాడు, పటాలం నుంచి రెండు ట్రంకుపెట్టెలతోనూ ఒక పిచ్చితోనూ తిరిగొచ్చాడు. ఆ పిచ్చి నెంబర్లది. ఇంట్లో ప్రతి వస్తువు మీదా తెల్లరంగుతో నెంబరు వేశాడు. బకెట్లు ఒకటి రెండు, కుర్చీలు నాలుగు, చెంబులు, చేట, ఆఖరికి రోకలి కూడా. "నెంబరు లేని వస్తువు లేనట్టే లెక్క" అనేవాడు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేముందు అన్నీ సరిచూసుకునేవాడు. అమ్మ బళ్ళో టీచరు, నోటికి పదునెక్కువ. "నా వీపు మీద కూడా ఒక నెంబరెయ్యండి, సోమవారం ఎక్కడన్నా తప్పిపోతానేమో" అనేది. ఆయన నవ్వకుండా, "నీకు మొదటి నెంబరే, రాయక్కర్లా" అనేవాడు. అమ్మ మొహం తిప్పుకునేది గానీ ఆ పూట కూరలో ఉప్పు సరిగ్గా ఉండేది.

అంకెల దగ్గరే నాకూ ఆయనకీ రోజూ గొడవ. నేను నాలుగు అంకెని పైన విడిపోయినట్టు రాస్తాను. ఆయన రెండు గీతలూ కొసన కలిపి రాసేవాడు. "నాలుగు నోరు మూసి రాయమ్మాయ్. నోరు తెరిచిన నాలుగుకి అడ్డగీత చెరిగితే పదకొండులా కనపడద్ది. స్టోర్లో ఆ ఒక్క గీత కోసం ఉద్యోగాలు పోతయ్" అని నా లెక్కల పుస్తకాల్లోని నాలుగులన్నిటికీ పెన్సిలుతో మూతలు పెట్టేవాడు. పదో తరగతి దాటినా మానలేదు. నాకు ఒళ్ళు మండేది. మార్కులు వేసే మాస్టారుకి లేని బాధ ఈయనకెందుకు?

నేను నందిగామ కాలేజీలో చేరేనాటికి నాన్న అదే కాలేజీలో ఎన్.సి.సి. గదికి అటెండరు. తుపాకులుండే గదిని ఆయన 'కోత్' అనేవాడు, మేమూ అలాగే అనడం నేర్చుకున్నాం. అందులో ముప్పై తొమ్మిది త్రీనాట్ త్రీ రైఫిళ్ళుండేవి. ఏ కాలం నాటివో, ఎన్ని చేతులు మారాయో. అన్నీ డ్రిల్లు తుపాకులే. గొట్టానికి బెజ్జం కొట్టేసి, లోపలి పిన్ను తీసేసి, పేలకుండా చేసినవి. కర్ర మీద తెల్లటి పట్టీలు వేసుండేవి, పేలనివని దూరం నుంచే తెలియడానికి. ముప్పై తొమ్మిదీ అబ్బాయిలకే సరిపోయేవి. అమ్మాయిల విభాగం పెట్టి రెండేళ్ళే అయింది, మాకు మాత్రం వెదురు కర్రలిచ్చారు. 'సలామీ శస్త్ర్' అని కేక పెడితే అబ్బాయిలు తుపాకి నిలువుగా ఎత్తి టప్పున చేత్తో చరిచేవాళ్ళు. మేం కర్రలు ఎత్తేవాళ్ళం. గోడ అవతల సైకిళ్ళ మీద నిలబడి చూసే కుర్రాళ్ళు "గేదెలు తోలడానికా?" అని అరిచేవాళ్ళు.

గేదెల మాట పడొచ్చు. అసలు బాధ వేరే ఉంది. ఏడాదికోసారి విజయవాడలో ఎంపిక జరిగేది. నెగ్గినవాళ్ళు రాష్ట్రం తరఫున పెద్ద పరేడ్‌కి వెళ్ళేవాళ్ళు. ఆ ఎంపికలో అమ్మాయిలకి కూడా నిజం తుపాకే చేతికిస్తారు, నాలుగు కిలోల బరువు. ఏడాదంతా వెదురు కర్ర తిప్పిన చెయ్యి దాన్ని ఎలా లేపుద్ది? ముందు ఏడాది మా కాలేజీ నుంచి వెళ్ళిన అమ్మాయి చేతిలోంచి అది జారి కాలి మీద పడింది. ఆ కబురు విన్నప్పటి నుంచీ నాకు ఒకటే పట్టుదల, నేను జారవిడవకూడదు, నేను నెగ్గాలి. అబ్బాయిలు వెళ్ళాక ఒక తుపాకి ఇమ్మని నాన్నని అడిగాను. "ఎవరి పేరు మీదిచ్చింది వాళ్ళదే. నీకిస్తే దొంగతనం" అన్నాడు. కూతురితో అనే మాటేనా అది! రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచే, "ఇవ్వను. తయారుచేస్తా" అన్నాడు.

కోత్ మూల ఒక ఇనప్పెట్టె ఉండేది. పనికిరావని పక్కన పడేసిన ముక్కలన్నీ అందులోనే. విరిగిన కర్రలు, వంగిన గొట్టాలు, బోల్టులు, స్ప్రింగులు, రిజిస్టర్లో మాత్రం 'తుక్కు, ఒక పెట్టె' అని ఒకే ఒక్క లైను. ఆ తుక్కులోంచి పేలని తుపాకి ఒకటి నిలబెడతానని మా ఎన్.సి.సి. ఆఫీసరుగారిని నాన్న అడిగాడు. ఆయన లెక్కల లెక్చరరు ప్రసాదరావుగారు, మంచాయన, భయస్తుడు. "కానివ్వండి, కానివ్వండి" అన్నారు. కాయితం మీద మాత్రం ఏమీ రాయలేదు. నాన్న అన్నేళ్ళ ఉద్యోగంలో చేసిన ఒకే ఒక్క తప్పు, ఆ నోటిమాట నమ్మడం.

ఇక నాలుగు నెలలు మా ఇల్లు ఇల్లుగా లేదు. గొట్టమూ బాడీ గది దాటనిచ్చేవాడు కాదు, కర్రపనీ చిన్న సామానూ మాత్రం రసీదు రాసి పెట్టి ఇంటికి తెచ్చేవాడు. వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. కర్రకి అవిసె నూనె పట్టించి ఎండబెట్టడం, మళ్ళీ పట్టించడం. ఆ నూనె కంపు దుప్పట్లకీ, అన్నానికీ, అమ్మ చీరలకీ పట్టింది. బళ్ళో పిల్లలు 'మేడమ్ గారి దగ్గర పెయింటు వాసన' అంటున్నారని అమ్మ గిన్నెలు ఎత్తెత్తి పడేసింది. ముందు కర్ర ఎర్రగా ఉండేది, వెనక కర్ర నల్లగా. రెండూ ఒక రంగుకి రావాలని ఆయన పంతం. ఎంత నూనె పట్టించినా ఎరుపు ఎరుపే, నలుపు నలుపే. నాకు కావలసింది బరువు, రంగుతో పనేముంది? "ఎలా ఉంటే ఏంటి నాన్నా, నేను ఎత్తాలంతేగా" అంటే, "రెండు రంగులుంటే అది తుపాకి కాదమ్మాయ్, అతుకులబొంత" అని మళ్ళీ గరుకు కాగితం అందుకునేవాడు.

ఒక తుపాకి బోల్టు, అంటే గుండు ఎక్కించడానికి వెనక్కి లాగి తోసే కడ్డీ, ఇంకోదానికి కుదరదని కూడా అప్పుడే తెలిసింది. ప్రతి దానికీ దాని బోల్టు ఉంటుందట, రెండిటి మీదా ఒకే నెంబరు కొడతారట. పెట్టెలో పదకొండు బోల్టులుంటే పదకొండూ పెట్టి చూశాడు. ఒకటి లోపలికి పోదు. ఒకటి పోతే బయటికి రాదు. తొమ్మిదోది కాస్త కదిలితే, ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున అరగదీసి, రోజుకి వందసార్లు లాగి తోసి దారికి తెచ్చాడు. దాని మీద ఒక నెంబరు, బాడీ మీద ఇంకో నెంబరు, గొట్టం కొసన ఉండే ఇనప ముక్కు మీద మూడో నెంబరు. వాటిని చూసినప్పుడల్లా ఆయన మొహం పంటికింద రాయి పడ్డట్టు అయ్యేది.

అన్నీ కుదిరాక మర ఒకటి తక్కువైంది. ఆ ఇనప ముక్కుని కర్రకి బిగించే చిన్న మర. దాని కోసం జగ్గయ్యపేటలో లారీల షెడ్ల దగ్గర లేత్ నడిపే మస్తాన్ గారి దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళాడు. ఆయన బెజ్జంలో ఒక మర తిప్పి చూశాడు, తీసి ఇంకోటి తిప్పాడు. అరగంటయ్యాక కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "హవల్దారుగారూ, ఇది ఇంచీ కాదు, మిల్లీమీటరూ కాదండి. ఇది తెల్లోడి తిక్క. ఈ మర ఇక్కడ ఎవడూ కొయ్యలేడు" అన్నాడు. హార్డువేరు కొట్టు సెట్టిగారు డబ్బా డబ్బా కుమ్మరించి చూపించారు, ఒక్కటీ పట్టలేదు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పాత సామాను అమ్మేవాళ్ళ గుట్టలూ వెతికాం. నాలుగు ఆదివారాలు అలా పోయాయి. ఎంపిక ఇంక నెలరోజులుంది. నాకు ఏడుపొచ్చేది. ఒక్క మర! ముక్కుకి తీగ చుట్టేస్తే ఏం పోయింది? ఆయన చుట్టడు. తప్పు పని చెయ్యడం ఆయనకి రాదు, అంతే.

చివరికి అది మా ఇంట్లోనే దొరికింది. అమ్మ కుట్టుమిషను పక్కరేకు బిగించే మర. ఒక మధ్యాహ్నం అమ్మ బళ్ళో ఉండగా ఊడదీసి పట్టుకెళ్ళాడు, కాస్త మొరాయించి పట్టేసింది. అమ్మ వచ్చి తొక్కితే రేకు టకటకా కొట్టుకుంది. "నా మిషను మరకి కాళ్ళొచ్చినయ్యా?" అంది. నాన్న తలొంచుకుని అన్నం తింటూ, "అమ్మాయి పని అయిపోగానే తెచ్చిచ్చేస్తా" అన్నాడు. దానికి బదులుగా పెట్టిన మర ఏ గంటకా గంటకి వదులయ్యేది. రేకు అలా కొట్టుకుంటూనే ఉండేది.

తుపాకి పూర్తయిన రోజు కోత్‌లో నాన్న దాన్ని నా చేతికిచ్చాడు. రంగులు కూడా కలిశాయి, ఎలా కలిపాడో దేవుడికే తెలియాలి. మడమ దగ్గర చిన్న ఇత్తడి మూత తెరిస్తే లోపల బెజ్జం, అందులో చింతపండుతో తోమిన ఇత్తడి సీసా. "ఎక్కడికెళ్ళినా దాని నూనె దాని దగ్గరే ఉండాలి" అన్నాడు. ఎత్తాను. భుజం కిందికి లాగేసింది, అయినా వదల్లేదు. "సలామీ... శస్త్ర్!" అని ఆయనే కేక పెట్టాడు. నేను చరిచిన చప్పుడికి గదంతా మోగింది. నాన్న నాకు సెల్యూట్ కొట్టాడు. తుపాకిక్కొట్టాడో నాక్కొట్టాడో అడగలేదు. తర్వాత దాన్ని గోనెలో చుట్టి బీరువా వెనక పెట్టి, "ఇంక కాయితం రావాలి. బెటాలియన్‌కి అర్జీ పెట్టిస్తా. కాయితం వచ్చేదాకా ఇది లేదు. తెలిసిందా? ఉందని ఎవరితోనూ అనమాక. ఇది లేదు" అన్నాడు.

పది రోజులు సాయంత్రాలు ఆ గదిలో తలుపేసుకుని, లేని తుపాకితో డ్రిల్లు చేశాను. చేతులు అలవాటు పడుతున్నాయి. కానీ ఆ 'లేదు' అన్న మాట నాకు అరగలేదు. నాలుగు నెలల కష్టం కళ్ళెదురుగా ఉంటే లేదేంటి? కోత్ తలుపు లోపలి వైపు నల్లబల్ల ఉండేది. రోజూ పొద్దున డ్యూటీలో ఉన్న క్యాడెట్ దాని మీద 'రైఫిళ్ళు 39' అని రాయాలి. ఆ రోజు డ్యూటీ నాది. ముప్పై అని మొదలుపెట్టబోయి ఆగాను. నాన్న బయట సైకిలు తుడుచుకుంటున్నాడు. నేను 'రైఫిళ్ళు 40' అని రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని క్లాసుకి వెళ్ళిపోయాను. ఎవరు చూస్తారు, ఎవరు పట్టించుకుంటారు, ఒక్క పూట నిజం రాస్తే ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

తనిఖీ వచ్చే వారం అన్నారు. కానీ ఆ పొద్దునే బెటాలియన్ జీపులోంచి ఒక ఆఫీసరూ, ఒక సుబేదారూ దిగారు. మమ్మల్ని గబగబా వరసలో నిలబెట్టారు. కోత్ తలుపు బార్లా తీసి ఉంది, లోపల మాటలన్నీ నాకు వినపడుతున్నాయి. ఆఫీసరు లెక్కపెట్టించాడు, ముప్పై తొమ్మిది. రిజిస్టరు చూశాడు, ముప్పై తొమ్మిది. వెళ్ళబోతూ తలుపు వెనక బల్ల చూశాడు.

"నలభయ్యేంటి? ఇంకోటేది?"

నాన్న అబద్ధమాడడు. గోనె తెచ్చి విప్పాడు. ఆఫీసరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఎవరిది ఈ తుపాకి? ఏ నెంబరిది? బాడీ మీద ఒకటి, బోల్టు మీద ఒకటి, ముక్కు మీద ఒకటి! తుపాకి తగ్గితే ఎంక్వయిరీ వేస్తాం. ఎక్కువైతే ఏం చెయ్యాలో రూల్సులోనే లేదు. ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

నాన్న ప్రసాదరావుగారి వైపు చూశాడు. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశారు.

"ఇది పేలదు సాబ్. గొట్టానికి బెజ్జముంది, పిన్ను లేదు. ఆడపిల్లలు కర్రలతో చేస్తన్నారని..." నాన్న గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది. "కర్రలాంటిదే సాబ్."

"కర్రలాంటిదైతే కర్రతోనే చేయించు. ఇప్పుడే ఊడదియ్యి, నా ఎదురుగా. ఆ బల్ల మీద రాసిందెవరు?"

నేను వరసలో మూడోదాన్ని. గుమ్మానికి పది అడుగులు. ఒక అడుగు ముందుకేసి 'నేను సార్' అంటే సరిపోయేది. క్యాడెట్‌ని ఏం చేస్తారు, మహా అయితే మైదానం చుట్టూ పరిగెత్తిస్తారు. కానీ ఎంపికకి పంపరేమోనన్న భయం నా కాళ్ళు పట్టుకుంది. నాన్న బల్ల వైపు చూశాడు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత కాళ్ళు జోడించి నిటారుగా నిలబడి, "నేనే రాశా సాబ్" అన్నాడు.

నాలుగు నెలలు పట్టిన పని విప్పడానికి పావుగంట పట్టలేదు. ఒక్కో ముక్కా తీసి గోనె మీద వరసగా పెడుతుంటే, పక్కన సుబేదారు రాసుకున్నాడు. స్ప్రింగులు ఇన్ని, స్క్రూలు ఇన్ని. మడమ మూత తెరిస్తే ఇత్తడి సీసా దొర్లుకుంటూ వచ్చింది. "దీని మీద నెంబరుందా?" అన్నాడు సుబేదారు. "లేదు సాబ్." "లిస్టులో లేదు. తీసి అవతల పారెయ్యి." నాన్న దాన్ని జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మిషను మీద పెట్టాడు. అమ్మ దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "నా మర ఏదండీ?"

"లిస్టులోకెక్కింది. ఇంక అది గవర్నమెంటుది."

"మన మర, మనింటి మర, గవర్నమెంటుది ఎట్టా అయిద్ది? అడగొచ్చుగా!"

అమ్మ ఇంకా ఏదో అనబోయి, ఆయన నూనె చేతులు చూసి సబ్బు తెచ్చిచ్చింది. నాన్నకి సంజాయిషీ ఇమ్మని కాయితం వచ్చింది. వద్దన్నప్పుడు కాయితం ఎంత తొందరగా వస్తుందో! ఆయన్ని కోత్ నుంచి లైబ్రరీకి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే పుస్తకాల మీద నెంబర్లు అతికిస్తూ గడిపాడు. నేను ఎంపికకి వెళ్ళాను. తుపాకి జారవిడవలేదు. కానీ ప్రతి కదలికకీ అరక్షణం వెనకబడ్డాను. మూడో విడతలోనే నన్ను పక్కకి తప్పించారు. పది రోజులు చాల్లేదు. దేనికోసం నోరు మూసుకున్నానో అదీ దక్కలేదు.

ఆ మధ్య కాలేజీ వైపు పనుండి వెళితే మైదానంలో అమ్మాయిలు తుపాకులతో డ్రిల్లు చేస్తున్నారు. తేలిక తుపాకులు, అందరివీ ఒకే రంగు, మనిషికొకటి. విశ్రామ్ ఇవ్వగానే ఫోన్లు తీసి ఫొటోలు దిగారు. సంతోషించాలి కదా? గోడ దగ్గర నిలబడి ఉడుక్కున్నాను. వాళ్ళకి అంత సులువుగా దొరికిందని కొంత, దొరికిన సంగతి వాళ్ళకి తెలియదని కొంత. ఒక్కటి ఎక్కువైందని మా నాన్నని నిలబెట్టిన చోట ఇప్పుడు ఎన్నున్నాయో ఎవరూ బల్ల మీద రాయడం కూడా లేదు.

బల్ల మీద రాసింది నేనేనని నాన్నకి నేనెప్పుడూ చెప్పలేదు. చెబుదామనుకుంటూనే ఇరవై ఏళ్ళు గడిచాయి, ఆయన పోయాడు. ఆయనకి తెలియలేదనే చాలా కాలం అనుకున్నాను, అలా అనుకోవడం హాయిగా ఉండేది. అక్క ఇంట్లో ఆ సీసా చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఒక సంగతి తట్టింది. తనిఖీ జరిగిన ఆ రోజు నుంచి ఆయన నా నాలుగుని దిద్దలేదు. నా డిగ్రీ నోట్సులు, నా మొదటి జీతం కాయితం, నా పిల్లల పుట్టినరోజులు నేను రాసిచ్చిన క్యాలెండరు, అన్నిట్లోనూ నాలుగులు నోరు తెరుచుకునే ఉన్నాయి. పెన్సిలు ఆయన చెవి మీదే ఉండేది. ఒక్కదానికీ మూత పెట్టలేదు.

"మిషను ఇచ్చేద్దామా మరి?" అంది అక్క. పెడలు మీద కాలేసి ఒకసారి తొక్కి చూశాను. రేకు ఇంకా టకటకా కొట్టుకుంటోంది. ఇవ్వొద్దన్నాను.